కొండ మీద పైన్ నాటాలా? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

కోరాపుట్, రాయగడ, గజపతి జిల్లాల తెలుగు పాఠకుల నుంచి కొండచెట్ల మీద చాలా ఉత్తరాలు వచ్చాయి. ఎక్కువమంది అడిగింది పైన్ గురించే. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపి జవాబిస్తున్నాం.

ప్రశ్న: మాకు ఊరి పైన రెండెకరాల డొంగరు (కొండవాలు) భూమి ఉంది. ఒకప్పుడు పోడు కొట్టిన చోటు, ఇప్పుడు బోడిగా పడి ఉంది. దారింగ్‌బాడిలో పైన్ తోటలు చూశాక మాకూ వేయాలనిపించింది. అది మన దేశపు కొండచెట్టే కదా, రెండెకరాలూ వేస్తే కొండకు మేలు జరుగుతుందా? (సెమిలిగుడ, కోరాపుట్ జిల్లా)

జవాబు: పైన్ మన దేశపు చెట్టేనండీ, కానీ తూర్పు కనుమలది కాదు. మన దేశంలో సహజంగా పెరిగే పైన్ జాతులన్నీ హిమాలయాల్లోనూ ఈశాన్య కొండల్లోనూ ఉన్నాయి. చిర్ పైన్ హిమాలయాల దిగువ వాలుల్లో, సుమారు 500 నుంచి 2,000 మీటర్ల ఎత్తు దాకా ఉంటుంది. నీలి పైన్ దానికన్నా పైన పెరుగుతుంది. తినే గింజలిచ్చే చిల్గోజా పైన్, హిమాచల్ ప్రదేశ్‌లోని కిన్నౌర్ లాంటి చలి ఎక్కువ, వాన తక్కువ ఉన్న లోయలది. ఖాసీ పైన్ మేఘాలయ, మణిపూర్, నాగాలాండ్ కొండలది. వింధ్యకు దక్షిణాన సహజంగా పుట్టిన పైన్ జాతి ఒక్కటీ లేదు. దారింగ్‌బాడిలో మీరు చూసినవి మనుషులు నాటిన తోటలు.

మీ చోట పైన్ బతుకుతుందా అంటే, ఖాసీ పైన్ బతుకుతుంది. దానికి 800 మీటర్లకు పైబడిన ఎత్తు, చల్లని రాత్రులు, పులుపు లక్షణం ఉన్న ఎర్రనేల, నీరు నిలవని వాలు కావాలి. సెమిలిగుడ సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది, వానకూ కొదవ లేదు. కాబట్టి చెట్టు ఎదుగుతుంది. కొండకు ఏం ఒరుగుతుందన్నది వేరే లెక్క.

ఖాసీ కొండల్లో ఈ చెట్టు చేసే పని చాలా గొప్పది. కొండచరియ విరిగిన చోటా, ఝూమ్ సాగు (అక్కడి పోడు) వదిలేసిన చోటా ముందుగా వచ్చేది ఇదే. రెక్క ఉన్న తేలికపాటి గింజ గాలికి ఎగిరి వచ్చి బోడి మట్టి మీద, నిండు ఎండలో మొలుస్తుంది. వేళ్ళు వాలును పట్టి ఉంచుతాయి. బెరడు మందం, అందుకని ఎదిగిన చెట్టు నేలమంటలకు సులువుగా చావదు. దాని నీడన అక్కడి ఓక్ జాతులు, వెడల్పాకుల చెట్లు మొలకెత్తుతాయి. పైన్ పిల్లలు నీడలో ఎదగలేవు కనుక, చిచ్చు తగలకుండా ఉంటే కొన్ని తరాలకు ఆ చోటు వెడల్పాకుల అడవికి దక్కుతుంది. అక్కడ పైన్ వెనకాల రావలసిన చెట్లన్నీ ఆ కొండల మీదే ఉన్నాయి.

మన కొండ మీద ఆ వరుస లేదు. రాలిన పైన్ సూదులు, అంటే దాని ఆకులు, వేరే చెట్ల ఆకుల్లా ఒక వానాకాలానికి కుళ్ళిపోవు, మెత్తలా పేరుకుంటాయి. వాటిలో జిగురు ఉంటుంది. ఫాల్గుణం నుంచి వైశాఖం దాకా అవి ఎండి ఉండే రోజుల్లోనే మన కొండల మీద పోడు మంటలు లేస్తాయి. ఉత్తరాఖండ్‌లో చిర్ పైన్ అడవులు ప్రతి వేసవిలో అంటుకోవడానికి పెద్ద కారణం ఆ సూదులే. పైన్ పూత గాలి మీద ఆధారపడేది, అందులో తేనె ఉండదు, తేనెటీగలకు పెద్దగా దక్కేదేమీ లేదు. ఖాసీ పైన్ గింజ కూడా చాలా చిన్నది, మనుషులు తినేది కాదు.

మా సలహా ఇది. ఇష్టంగా పెంచుకోవాలంటే ఇంటి దగ్గర, దారి పక్కన ఇరవై ముప్పై పైన్ మొక్కలు పెట్టుకోండి. రెండెకరాలూ మాత్రం వేయకండి. ఆ వాలు మీద ఏమైనా నాటే ముందు ఒకసారి నేలంతా తిరిగి, కొట్టేసిన పాత మొదళ్ళు ఏమున్నాయో చూడండి. గుగ్గిలం (సాల్), వేగిస, నల్లమద్ది మొదళ్ళు బతికే ఉంటే మీకు సగం అడవి చేతిలో ఉన్నట్టే. ఆ పని ఎలా చేయాలో కింద మోహన ఊరి పాఠకులకు ఇచ్చిన జవాబులో రాశాం.

ప్రశ్న: నర్సరీలో పైన్ అని చెప్పి అమ్మిన మొక్క నిజంగా పైనేనా, ఎలా పోల్చుకోవాలి? (జయపురం)

జవాబు: కొమ్మ చివర ఒక సూదుల కట్టను వేళ్ళతో పట్టుకుని అడుగు దాకా విడదీయండి. పైన్‌లో సూదులు విడివిడిగా రావు. రెండో, మూడో, అయిదో కలిసి ఒకే చోట పుట్టి, మొదట్లో సన్నని పొరతో చుట్టి ఉంటాయి. ఖాసీ పైన్‌కు కట్టకు మూడు, సన్నగా, జానెడు లోపు పొడవు. చిర్ పైన్‌కూ మూడే, కానీ పొడవు 20 నుంచి 35 సెంటీమీటర్లు, కిందికి వేలాడతాయి. నీలి పైన్‌కు అయిదు.

మన నర్సరీల్లో క్రిస్మస్ చెట్టు పేరుతో అమ్మేది సాధారణంగా అరకేరియా. దాని కొమ్మలు గొడుగు ఊచల్లా అంతస్తులు అంతస్తులుగా వస్తాయి, చిన్న ఆకులు కొమ్మ చుట్టూ పొలుసుల్లా ఉంటాయి. అది దక్షిణ పసిఫిక్ దీవుల చెట్టు. తీరంలో కనబడే సరుగుడు కూడా పైన్ కాదు. దాని సూది లాంటి పుల్లను లాగితే కణుపు దగ్గర ఊడి వస్తుంది. పైన్ సూదికి కణుపులు ఉండవు.

ప్రశ్న: ఖాసీ పైన్ విత్తనం తెప్పించుకుని మేమే నారు పెంచాలనుకుంటున్నాం. మొదటి నుంచి చివరి దాకా చెప్పండి. (పొట్టంగి)

జవాబు: విత్తనం కొనేటప్పుడు మూడు సంగతులు అడగండి: ఏ ప్రాంతపు చెట్ల నుంచి తీశారు, ఏ సంవత్సరం, మొలక శాతం ఎంత. ఈ మూడూ చెప్పలేని చోట కొనవద్దు. కిలోకు యాభై వేలకు పైగా గింజలు తూగుతాయి కనుక ఇంటి అవసరానికి 10 గ్రాములు చాలు. బాగా ఆరిన గింజను గాలి చొరని సీసాలో పెట్టి ఫ్రిజ్‌లో కింది అరలో ఉంచితే ఏళ్ళ తరబడి చెడదు.

కార్తీక మాసంలో విత్తితే ఆషాఢానికి నాటే మొక్క అందుతుంది. గింజలను ఒక రోజంతా మంచినీళ్ళలో నానబెట్టండి. తేలినవి చాలావరకు తాలు గింజలు, పారబోయండి. ట్రేలో కడిగిన ఏటి ఇసుక రెండంగుళాల మందం పోసి, గింజలను వేలెడు దూరంలో పరిచి, పైన అర సెంటీమీటరుకు మించకుండా ఇసుక చల్లండి. లోతుగా పూడిస్తే మొలక పైకి రాలేక లోపలే కుళ్ళుతుంది. సన్నని రోజ్ ఉన్న క్యానుతో పొద్దున్న మాత్రమే తడపండి. రెండు వారాల చుట్టుపక్కల మొలకలు కనబడతాయి. పొట్టంగి చలిలో ఇంకొన్ని రోజులు ఆలస్యం కావచ్చు.

మొలక తల మీది గింజ పెంకు ఊడిపడి, పక్కవేళ్ళు ఇంకా రాని దశలో సంచుల్లోకి మార్చాలి. అంతకు ముందైతే కాడ విరుగుతుంది. తర్వాతైతే వేరు మడత పడి, ఆ మడత చెట్టు జీవితాంతం ఉంటుంది. ఆకును పట్టుకుని ఎత్తండి, కాడను నొక్కవద్దు. సంచి 5 అంగుళాల వెడల్పు, 8 అంగుళాల పొడవు ఉంటే సరిపోతుంది. మట్టి కలపడం ఇలా: ఎర్రమట్టి మూడు పాళ్ళు, ఏటి ఇసుక రెండు పాళ్ళు, బాగా మాగిన ఆకు ఎరువు ఒక పాలు. సున్నం, బూడిద, పచ్చి పేడ కలపకూడదు. సున్నమూ బూడిదా నేల పులుపును చంపేస్తాయి, పచ్చి పేడ చెదలను పిలుస్తుంది.

అన్నిటికన్నా ముఖ్యమైనది పైన్ కింది మట్టి. పైన్ వేళ్ళకు ఒక రకం బూజుతో పొత్తు ఉంటుంది. ఆ బూజు వేరు చివరలను తొడుగులా కప్పి, మట్టిలోంచి భాస్వరం, నీరు తెచ్చి ఇస్తుంది. చెట్టు దానికి చక్కెర ఇస్తుంది. అదే లేకపోతే మొక్క మొలిచినా ఎదగదు. పైన్ లేని దేశాలకు పైన్‌ను తీసుకెళ్ళిన తొలి రోజుల్లో నార్లు వరసగా విఫలమైంది ఇందుకే. పాత పైన్ తోటల మట్టి తెచ్చి కలిపాకే అవి అందుకున్నాయి. మీరు కూడా ఆరోగ్యంగా ఉన్న పైన్ చెట్టు కింద, సూదుల మెత్త తొలగించి, పైపొర నాలుగంగుళాల మట్టిని సన్నవేళ్ళతో సహా తీయండి. ప్రభుత్వ తోట అయితే ముందు అటవీ సిబ్బందిని అడగండి. తడి గోనెసంచిలో తెచ్చి, ఎండ తగలనీయకుండా, నాలుగైదు రోజుల్లోనే సంచి మట్టిలో పదో వంతు కలపండి. ఎరువుల దుకాణంలో వ్యామ్ అనే పేరుతో దొరికే పొడి ఇక్కడ పనిచేయదు. అది వరి, మిరప, పండ్ల చెట్ల వేళ్ళకు పనికొచ్చే వేరే తెగ బూజు.

నారు దశలో పెద్ద గండం కుళ్ళు తెగులు. మొలక మట్టి మట్టం దగ్గర నీరు పట్టినట్టు మెత్తబడి ఒక పక్కకు వాలిపోతుంది. ఎక్కువ తడి, గాలి ఆడకపోవడం, యూరియా, నేల పులుపు తగ్గడం దీనికి కారణాలు. కనబడగానే పడిన మొలకలను చుట్టూ ఉన్న ఇసుకతో సహా తీసేసి, నీళ్ళు తగ్గించి, లీటరుకు 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొదళ్ళు తడపండి. కానీ సంచుల్లో బూజు మట్టి కలిపాక ఈ మందును అలవాటుగా పోయకండి, మేలు చేసే బూజు కూడా దెబ్బ తింటుంది.

మొదటి నెల సగం నీడనిచ్చే షేడ్ నెట్ చాలు. తర్వాత మెల్లగా తీసేసి, నాటడానికి రెండు నెలల ముందు నిండు ఎండకు అలవాటు చేయండి. నెలకొకసారి సంచులను లేపి పక్కకు జరపండి, లేకపోతే వేరు అడుగు చీల్చుకుని నేలలోకి దిగుతుంది. జానెడు ఎత్తు దాటి, కాడ పెన్సిల్‌లో సగం మందం వస్తే మొక్క సిద్ధమైనట్టే.

ఆరుద్ర కార్తెలో నేల లోపలి దాకా తడిశాక నాటండి. గొయ్యి అడుగున్నర పొడవు, వెడల్పు, లోతు. సంచిని బ్లేడుతో చీల్చి తీసి, అడుగున చుట్టుకున్న వేళ్ళు ఉంటే కత్తిరించండి. మొదలు సంచిలో ఏ మట్టానికి ఉందో గోతిలోనూ అదే మట్టానికి ఉండాలి. గొయ్యికి 100 గ్రాముల వేప పిండి వేస్తే చెదలకు కొంత అడ్డు. మొక్కకూ మొక్కకూ నాలుగు మీటర్ల దూరం ఇవ్వండి. చుట్టూ మీటరు మేర గడ్డి తీయండి. మొదటి వేసవిలో వారానికొకసారి పది లీటర్ల నీళ్ళు పోయండి. మాఘం దాటకముందే మొక్కల చుట్టూ మూడు మీటర్ల వెడల్పున గడ్డి చెక్కి నిప్పు గీత తీయండి. పిల్ల పైన్‌కు మందమైన బెరడు ఉండదు, ఒక్క గడ్డిమంటకే పోతుంది.

ప్రశ్న: మా పైన్ మొక్కలు బెత్తెడు ఎత్తున ఆగిపోయాయి. సూదులు ఊదారంగుకు తిరిగాయి. డీఏపీ వేశాం, లాభం లేదు. (నందపూర్)

జవాబు: ఊదారంగు భాస్వరం అందడం లేదనడానికి గుర్తు. మట్టిలో భాస్వరం లేక కాదు, దాన్ని తెచ్చి ఇచ్చే బూజు లేక. డీఏపీ ఎక్కువైతే ఉన్న కాస్త బూజు కూడా వెనకబడుతుంది, ఆపేయండి. ఒక మొక్కను సంచిలోంచి తీసి వేళ్ళు చూడండి. సన్నవేళ్ళ చివరలు పొట్టిగా, లావుగా, కవలకొమ్మల్లా రెండుగా చీలి, తెల్లగానో గోధుమ రంగులోనో ఉంటే బూజు పట్టినట్టు. ఉత్త దారాల్లా ఉంటే పట్టలేదు. పైన చెప్పినట్టు పైన్ కింది మట్టి తెచ్చి, సంచిలో పుల్లతో మూడు చోట్ల వేలెడు లోతు గుచ్చి, ఆ గుంటలను ఆ మట్టితో నింపి తడపండి. రెండు మూడు నెలల్లో కొత్త సూదులు పచ్చగా వస్తాయి.

మొక్క మొత్తం పసుపుగా ఉంటే కారణం వేరు. బోరు నీళ్ళలో సున్నం ఎక్కువుండి ఉంటుంది, వాననీళ్ళకు మారండి. చెట్టు లోపలి వైపు పాత సూదులు మాత్రమే ఎండి రాలితే అది జబ్బు కాదు, రెండు మూడేళ్ళకు సూదులు రాలడం దాని స్వభావం.

ప్రశ్న: కిరాణా దుకాణంలో కొన్న చిల్గోజా గింజలు నాటితే మొలుస్తాయా? (రాయగడ)

జవాబు: దుకాణంలోవి సాధారణంగా వేయించినవి, మొలవవు. పచ్చివి దొరికినా రాయగడలో పెరగవు. వాటికి మంచు కురిసే చలికాలం కావాలి.

ప్రశ్న: పర్లాకిమిడి ఎండకు పైన్ తట్టుకుంటుందా?

జవాబు: ఖాసీ పైన్ తట్టుకోదు. మైదానంలో బతికేది మధ్య అమెరికా నుంచి వచ్చిన కరీబియన్ పైన్. అది కొన్నిసార్లు పక్కకొమ్మలే లేకుండా నక్క తోకలా నిలువునా పెరిగి, గాలివానకు విరుగుతుంది. తుపాన్లు వచ్చే గజపతి జిల్లాలో ఇంటి పక్కన వేయవద్దనే చెబుతాం. నీడ కావాలంటే వేప, కానుగ, నేరేడు ఉన్నాయి.

ప్రశ్న: కాఫీ తోటలో నీడకు, మిరియాల తీగ పాకడానికి సిల్వర్ ఓక్ బదులు పైన్ వేయవచ్చా? జిగురు కూడా అమ్ముకోవచ్చంటున్నారు. (కోరాపుట్)

జవాబు: వద్దు. పైన్ బెరడు రేకులు రేకులుగా ఊడుతుంది, మిరియాల తీగ వేళ్ళు పట్టు నిలవదు. సూదుల మెత్త కాఫీ మొదళ్ళ దగ్గర చేరితే ఎరువుగా మారడానికి చాలా కాలం పడుతుంది. సిల్వర్ ఓక్ కూడా మన చెట్టు కాదు, ఆస్ట్రేలియాది. దాని మధ్య మధ్య పనస పెట్టండి. పనస బెరడు మీద మిరియం బాగా పాకుతుంది, ఆకు త్వరగా కుళ్ళి నేలకు చేరుతుంది, కాయ ఇంటికి వస్తుంది. జిగురు మాటకొస్తే, హిమాలయాల్లో చిర్ పైన్‌కు గాటు పెట్టేది మొదలు చుట్టుకొలత సుమారు 90 సెంటీమీటర్లు దాటాకే. అందుకు దశాబ్దాలు పడుతుంది. పాతిక చెట్ల జిగురుతో ఆదాయం రాదు.

ప్రశ్న: దేవమాలి కొండ పైభాగం గడ్డితో బోడిగా ఉంది. మా బడి పిల్లలతో అక్కడ పైన్ మొక్కలు నాటించాలనుకుంటున్నాం. (పొట్టంగి, ఒక ఉపాధ్యాయురాలు)

జవాబు: మీ ఆలోచన మంచిదమ్మా, చోటు మాత్రం అది కాదు. దేవమాలి 1,672 మీటర్లు, ఒడిశాలో అన్నిటికన్నా ఎత్తైన శిఖరం. అంత ఎత్తున, గాలి కొట్టే పలచని మట్టి మీద గడ్డి ఉండటం లోపం కాదు. ఆ గడ్డే వానను పట్టి నేలలోకి దించి, కింది వాగులకు మెల్లగా వదులుతుంది. నీలగిరి కొండల మీది గడ్డి మైదానాల్లో పైన్, వాటిల్ చెట్లు నాటాక గడ్డి, దాన్ని నమ్ముకున్న జీవాలు చాలా చోట్ల పోయాయి. ఇప్పుడు ఆ చెట్లను తీసి గడ్డిని తిరిగి తెప్పించే ప్రయత్నాలు జరుగుతున్నాయి. దక్షిణాఫ్రికాలో కూడా పైన్ తోటలు వాగుల నీటిని తగ్గించాయని తేలి, 1995 నుంచి బయటి చెట్లను తొలగించే ప్రభుత్వ కార్యక్రమమే నడుస్తోంది.

పిల్లలతో వేరే పని చేయించవచ్చు. కొండ దిగువ వాలులో, వాగు గట్ల మీద నేరేడు, కరక, ఉసిరి, జీలుగు విత్తించండి. పర్యాటకులు పైన పారేసే ప్లాస్టిక్‌ను ఏరించండి. గడ్డిలో ఏ నెలలో ఏ పువ్వు పూస్తుందో పుస్తకంలో రాయించండి. అలాంటి పట్టిక రెండేళ్ళు నడిస్తే ఆ కొండకు పనికొచ్చే దస్తావేజు అవుతుంది.

ప్రశ్న: పైన్ వద్దంటే మా కొండకు సరిపోయే పెద్ద చెట్టు ఏది? దాన్ని పెంచే పద్ధతి చెప్పండి. (మోహన, గజపతి జిల్లా)

జవాబు: గుగ్గిలం. ఒడియా వారు సాల్ అనే చెట్టు. దక్షిణాన ఈ చెట్టు సహజంగా వ్యాపించిన అంచు మన ఉత్తరాంధ్ర, దక్షిణ ఒడిశా కొండల దగ్గరే ఉంది. అంచున ఉన్న అడవి ఒకసారి పోతే పక్క నుంచి విత్తనం వచ్చి నిండడం కష్టం, అందుకే దీని మీద మాకు ఇంత పట్టింపు. సామర్లకోటలో ఈస్టిండియా కంపెనీ వారి దగ్గర పనిచేసి 1793లో కలకత్తా వృక్షోద్యానానికి వెళ్ళిన వృక్షశాస్త్రవేత్త రాక్స్‌బర్గ్, గుగ్గిలం ఉన్న తెగకు అప్పటి గవర్నర్ జనరల్ జాన్ షోర్ పేరు మీద షోరియా అని పేరు పెట్టాడు. చిర్ పైన్ శాస్త్రీయ నామంలో రాక్స్‌బర్గ్ పేరే ఉండటం ఒక ముచ్చట.

పైన్‌కు ఖాసీ కొండల్లో ఉన్నట్టే గుగ్గిలానికి ఇక్కడ వేళ్ళ బూజుతో పొత్తు ఉంది. తొలకరికి గుగ్గిలం కింద లేచే పుట్టగొడుగుల్లో చాలావాటి అసలు ఒళ్ళు ఆ వేళ్ళ మీది బూజే. సంతలో ఛత్తు అని అమ్మేవాటిలో వాటికి మంచి గిరాకీ. ఆకు విస్తరికి, గింజ నూనెకు, బంక ధూపానికి. పూత మీద తేనెటీగలు వాలతాయి, ఆకు మీద దసలి పట్టు పురుగు మేస్తుంది, చెట్టు చీమలు ఆకులు కుట్టి గూళ్ళు కడతాయి, అడ్డాకు తీగ దీని మీదికే పాకుతుంది. ఒక్క చెట్టు చుట్టూ ఇంతమంది బతుకు ఉంది.

పెంచడంలో మొదటి పని, మొదళ్ళు వెతకడం. గుగ్గిలాన్ని కొట్టేసినా మొదలు చావదు, పిలకలు వేస్తూనే ఉంటుంది. పోడు నేలలో మోకాలెత్తు పొదల్లా కనబడేవి చాలావరకు అవే. ప్రతి ఏటా మంటా మేకలూ వాటిని కిందికి తొక్కేస్తుంటాయి. చలికాలం చివర ప్రతి మొదలు దగ్గర నేలకు ఆనుకుని నిటారుగా ఉన్న పిలకలు రెండు ఉంచి, మిగతావి పదునైన కత్తితో ఏటవాలుగా కోసేయండి. పైనుంచి పుట్టిన పిలక గాలికి చీలిపోతుంది, అందుకే కిందిదే ఎంచుకోవాలి. మరో రెండేళ్ళకు రెంటిలో బలమైనది ఉంచండి. మేకలు రాకుండా ముళ్ళ కంప, మాఘంలో నిప్పు గీత, ఈ రెండూ అయిదేళ్ళు తప్పకుండా చేస్తే చాలు. లోపల ఏళ్ళ తరబడి పెరిగిన వేరు ఉంది కనుక పిలక ఎదుగుదల ఏ నర్సరీ మొక్కకూ రాదు.

మొదళ్ళు లేని చోట విత్తాలి. గింజ రోహిణి, మృగశిర కార్తెల్లో, అయిదు రెక్కలతో గిరగిరా తిరుగుతూ రాలుతుంది. మొదట రాలేవి పురుగు పట్టినవి, తాలువి, వాటిని వదిలేయండి. చెట్టు కింద ఊడ్చి, పొద్దున్న రాలినవి సాయంత్రానికి ఏరండి. గుగ్గిలం గింజ ప్రాణం వారం పది రోజులే. పైన్ గింజలా ఎండబెట్టినా, ఫ్రిజ్‌లో పెట్టినా చచ్చిపోతుంది. చాలామంది ఇక్కడే పొరపడతారు. రెక్కలు తుంచి, నీడలో తడి గోనె మీద పలచగా పరిచి, మూడు నాలుగు రోజుల్లో విత్తేయండి. ప్లాస్టిక్ సంచిలో మూట కడితే వేడెక్కి కుళ్ళుతుంది.

గునపంతో అడుగు లోతు మట్టి వదులు చేసి, చోటుకు మూడు గింజలు అడ్డంగా పెట్టి, వేలి మందం మట్టి, పైన కాస్త రాలుటాకు కప్పండి. బతికి ఉన్న గుగ్గిలం చెట్టు కింది మట్టి ఒక పిడికెడు ప్రతి గోతిలో వేయండి, బూజు కోసం. చోటుకూ చోటుకూ రెండు మీటర్లు, అంటే ఎకరాకు సుమారు వెయ్యి చోట్లు. సంచుల్లో పెంచాలంటే అడుగు పొడవున్నవి కావాలి, తల్లివేరు చాలా వేగంగా దిగుతుంది. రెండు నెలల్లోపు, ఆ వానల్లోనే నాటేయాలి. గుగ్గిలం ఒక్కటే వేయకండి. మూడింట ఒక వంతు చోట్లలో వేగిస, నల్లమద్ది, కరక, ఇప్ప, ఉసిరి కలపండి. ఒకే జాతి ఉంటే ఒకే పురుగు మొత్తం తినేస్తుంది.

ప్రశ్న: గుగ్గిలం విత్తాం, బాగా మొలిచింది. వేసవిలో కాడలన్నీ ఎండిపోయాయి. పీకేసి వేరే మొక్కలు పెట్టమంటారా? (గుణుపురం)

జవాబు: పీకవద్దు. గుగ్గిలం పిల్లమొక్క వేసవిలో పైన ఎండి, లోపల వేరును లావు చేసుకుంటుంది. వానలు పడగానే మొదట్లోంచి మళ్ళీ చిగురిస్తుంది. ఇలా కొన్నేళ్ళు జరిగాకే కాడ నిలబడి ఒక్కసారిగా ఎత్తుకు లేస్తుంది. గోటితో మొదలు దగ్గర బెరడు గీకి చూడండి. లోపల పచ్చగా, తడిగా ఉంటే బతికే ఉంది. ఈ ఎండుదల తగ్గాలంటే చుట్టూ గడ్డి తీసి మొదట్లో ఆకుల మెత్త వేయండి, మంట రానివ్వకండి. మరీ చిక్కటి నీడ ఉంటే పైకొమ్మలు కొన్ని తీసి వెలుతురు ఇవ్వండి.

ప్రశ్న: మా పాత గుగ్గిలం చెట్టు మొదట్లో రంపపు పొట్టు కుప్పగా పడుతోంది. కొట్టేయవచ్చా? (రాయగడ జిల్లా)

జవాబు: గుగ్గిలం తొలుచు పురుగు. పొడవైన మీసాల పెంకు పురుగులు తొలకరి వానలకు బయటికి వచ్చి, గాయపడిన చెట్ల మీద గుడ్లు పెడతాయి. పిల్ల పురుగు చెక్క తొలుస్తూ పొట్టు బయటికి తోస్తుంది. 1990ల చివర మధ్యప్రదేశ్ అడవుల్లో లక్షల చెట్లు దీని పాలయ్యాయి. చెట్టు పైభాగం ఇంకా పచ్చగా ఉంటే ఉంచండి. బలమైన చెట్టు బంక కార్చి పిల్ల పురుగులను ముంచి చంపగలదు. పైకొమ్మలన్నీ ఎండితే మాత్రం తీసేయడమే, తీసిన దుంగను తొలకరికి ముందే అక్కడి నుంచి తరలించాలి, బెరడు ఒలిచి కాల్చేయాలి.

అటవీ శాఖ వారు చేసే పద్ధతి ఒకటుంది. జబ్బు చెట్టు దుంగలను తొలకరి రోజుల్లో ముక్కలు చేసి, చివరలు సుత్తితో చితగ్గొట్టి అడవిలో పెడతారు. ఆ రసం వాసనకు చుట్టుపక్కల పురుగులు వచ్చి తాగి మత్తుగా పడి ఉంటాయి, తెల్లవారి ఏరి చంపుతారు. రసం వాసన మూడు నాలుగు రోజులకు తగ్గుతుంది, దుంగ చివర కొత్తగా కోసి మళ్ళీ చితగ్గొట్టాలి.

మీ సొంత భూమిలో చెట్టయినా కొట్టే ముందు అటవీ రేంజ్ ఆఫీసులో రాతపూర్వకంగా అనుమతి అడగండి. దుంగ తరలించాలంటే 1980 నాటి ఒడిశా కలప రవాణా నిబంధనల కింద రవాణా పర్మిట్ విషయం కూడా అక్కడే తేల్చుకోండి. దరఖాస్తుతో పాటు పొట్టు కుప్ప, ఎండిన పైకొమ్మలు కనబడే ఫోటోలు ఇస్తే అధికారి త్వరగా వచ్చి చూడటానికి వీలుంటుంది. తొలకరి దాటాక అనుమతి వచ్చినా పురుగు అప్పటికే పక్క చెట్లకు వెళ్ళిపోతుంది, కాబట్టి చైత్రంలోనే అర్జీ పెట్టండి.